టాలన్ ఇంజిన్ డైరీ: బ్యాలెన్స్ షాఫ్టులు తీసేస్తున్నా

సెప్టెంబర్, మొదటి వారం

ఇంజిన్ కిందికి దించేశాం. కారు 1991 ఈగిల్ టాలన్ టీఎస్ఐ, ఆల్ వీల్ డ్రైవ్. ఇంజిన్ మిత్సుబిషి 4జీ63, రెండు లీటర్ల టర్బో, కంపెనీ లెక్కలో 195 హార్స్‌పవర్. రెండో సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోయింది, వెనక నీలం పొగ, ముందు కవర్ల కింద ఎప్పుడు చూసినా ఆయిల్ చెమ్మ. పిస్టన్ రింగులు ఎలాగూ మార్చాలి, అంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) దాకా విప్పాలి, అంతదూరం వెళ్తున్నప్పుడు, ఇంజిన్ వణుకు తగ్గించడానికి లోపల తిరిగే బ్యాలెన్స్ షాఫ్టుల సంగతి కూడా తేల్చేయాలి అనుకున్నా. ఈ డైరీ ఆ షాఫ్టుల గురించే. రింగులు, హెడ్డు (వాల్వులుండే పైభాగం) పని అవసరమైన చోట ఒక ముక్క చెప్పి వదిలేస్తాను.

నేనుండేది అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో బ్లూమింగ్టన్. ఆనుకునే నార్మల్ అనే ఊరు, అక్కడ క్రైస్లర్, మిత్సుబిషి కలిసి పెట్టిన డైమండ్ స్టార్ మోటార్స్ ఫ్యాక్టరీ 1988లో మొదలై 2015లో మూతపడింది, ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో రివియన్ వాళ్లు ఎలక్ట్రిక్ బండ్లు చేస్తున్నారు. ఈ టాలన్ అక్కడ తయారైందే. ఐటీ పనుల మీద ఈ ఊరొచ్చిన మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, ఆ దారిన వెళ్తూనే ఉంటారు, కానీ ఎక్లిప్స్, టాలన్, లేజర్ లాంటి కార్లు ఆ గేటులోంచే బయటికొచ్చాయని ఎక్కువమందికి తెలియదు. పుట్టిన ఊళ్లోనే ఈ కారుని మళ్లీ నిలబెట్టాలని నా పట్టుదల.

సెప్టెంబర్, టైమింగ్ కవర్లు తీశాక

తెలియనివాళ్ల కోసం: ఈ ఇంజిన్ ముందు భాగంలో బెల్టులు రెండు. పెద్దది టైమింగ్ బెల్టు, క్రాంక్ నుంచి వాల్వులు తెరిచే రెండు క్యామ్‌లనీ ఆయిల్ పంపునీ తిప్పుతుంది. దాని వెనక దాక్కుని ఒక చిన్న బెల్టు, అది క్రాంక్ నుంచి వెనకవైపు బ్యాలెన్స్ షాఫ్టుని ఒక్కదాన్నే తిప్పుతుంది. రెండోదానికి, అంటే ముందువైపు షాఫ్టుకి, వేరే బెల్టు లేదు, అది ఆయిల్ పంపు గేరుకే బిగించి ఉంటుంది.

ఆ చిన్న బెల్టే అసలు సమస్య. నా దాంట్లో దాని అంచు పీచులు పీచులుగా లేచిపోయింది, పళ్ల మొదళ్లలో సన్న పగుళ్లు. పైనున్న షాఫ్టు సీలు కారి ఆయిల్ దాని మీదే పడుతోంది. ఈ బెల్టు ఒక్కటే తెగి ఊరుకుంటే ఇంజిన్ కాస్త వణుకుతుంది, అంతే. కానీ అది తెగితే వెళ్లేది పక్కనే తిరుగుతున్న పెద్ద బెల్టు కిందికి. పెద్ద బెల్టు పన్ను జారుతుంది, టైమింగ్ తప్పుతుంది, ఈ ఇంజిన్‌లో పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య అంత చోటు లేదు కాబట్టి వాల్వులు వంగిపోతాయి. 4జీ63 ఇంజిన్లు హఠాత్తుగా చచ్చిపోవడానికి బాగా తెలిసిన కారణాల్లో ఇదొకటి. వణుకు తగ్గించడానికి పెట్టిన ఒక సౌకర్యం మొత్తం హెడ్డుని పట్టుకుపోవడం నాకు మింగుడుపడదు.

అదే నెల, షాఫ్టులు అసలెందుకున్నాయి

తీసే ముందు ఇది పూర్తిగా అర్థం చేసుకోవాలని కూర్చుని లెక్క వేశాను. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 1, 4 పిస్టన్లు పైన ఉంటే 2, 3 కింద ఉంటాయి, కాబట్టి ఒకదాని ఊపు ఇంకొకటి రద్దు చేసేస్తుంది అనుకుంటాం. పూర్తిగా రద్దు కాదు. కనెక్టింగ్ రాడ్ పక్కకి వాలుతూ తిరగడం వల్ల పిస్టన్ కదలిక పైసగంలో ఒకలా, కిందిసగంలో ఇంకోలా ఉంటుంది. 4జీ63లో స్ట్రోక్ 88 మిల్లీమీటర్లు, రాడ్ పొడవు 150. క్రాంక్ పైనుంచి పావు చుట్టు తిరిగేసరికి పిస్టన్ సగం దూరం, అంటే 44 మిల్లీమీటర్లు, దిగాలి కదా? దిగేది 50.6. మిగిలిన పావు చుట్టులో 37.4 మాత్రమే. అందుకే దిగే పిస్టన్ల ఊపూ ఎక్కే పిస్టన్ల ఊపూ సమానం కావు. ఆ మిగిలిపోయిన తేడా నాలుగు పిస్టన్లకీ ఒకేసారి ఒకే దిక్కులో పనిచేస్తుంది, క్రాంక్ ఒక చుట్టు తిరిగితే రెండుసార్లు వస్తుంది.

ఎంత బలం? పిస్టన్, పిన్ను, రాడ్ పైభాగం కలిపి ఒక్కో సిలిండర్‌కి 0.6 కిలో అనుకుంటే 750 ఆర్‌పీఎం ఐడిల్‌లో సుమారు 20 కిలోల బరువంత తోపు. 3000 దగ్గర 300 కిలోలు దాటుతుంది. 6000 దగ్గర 1200 కిలోల పైన, సెకనుకి 200 సార్లు, బ్లాకుని పైకీ కిందికీ. వేగం రెండింతలైతే బలం నాలుగింతలు.

దీనికి మందుగా, బరువు ఒక పక్కకి ఎక్కువగా ఉండే రెండు షాఫ్టులని క్రాంక్ కంటే రెండింతల వేగంతో, ఒకదానికొకటి ఎదురుదిశలో తిప్పుతారు. ఎదురుదిశ ఎందుకంటే నిలువు బలాలు రెండూ కలిసి పిస్టన్ల తోపుకి అడ్డుపడాలి, అడ్డంగా వచ్చే బలాలు ఒకదాన్నొకటి చంపుకోవాలి. ఆలోచన బ్రిటన్‌కి చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్‌ది, ఎప్పుడో 20వ శతాబ్దం మొదట్లోది. మిత్సుబిషి 1975లో ఆస్ట్రాన్ ఇంజిన్‌తో దీన్ని మామూలు కార్లలోకి తెచ్చి సైలెంట్ షాఫ్ట్ అని పేరు పెట్టింది. వాళ్లు అదనంగా చేసింది రెండు షాఫ్టులని వేర్వేరు ఎత్తుల్లో పెట్టడం, దానివల్ల ఇంజిన్ పక్కలకి ఒరిగే ఊపు కూడా తగ్గింది. 944 కారులో పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజిన్ పెట్టుకున్న పోర్షే కూడా ఈ పేటెంటుకి డబ్బు కట్టి వాడుకుంది. అంత మంచి ఇంజనీరింగ్ ఇది. పనికిమాలిన బరువు అని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను.

బాబాయ్‌తో ఫోను

మా బాబాయ్ విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం ఇంజిన్ పని చేసినవాడు. ఆదివారం పొద్దున ఫోన్ చేసి విషయం చెప్పా.

"ఏరా, కంపెనీవాడు అది ఊరికే పెట్టాడా? వాడికేమన్నా డబ్బులెక్కువయ్యాయా?"

"ఊరికే పెట్టలేదు బాబాయ్. కానీ ఆ చిన్న బెల్టు తెగితే పెద్ద బెల్టు పోతుంది, హెడ్డు పోతుంది."

"అయితే బెల్టు కొత్తది వెయ్యి. నెలకోసారి తెగుద్దా ఏంటి?"

"టర్బో బూస్టు పెంచి 7000 దాకా తిప్పే బండి ఇది. దాని సీళ్లు కారుతున్నాయి, ఆ ఆయిలే బెల్టు మీద పడుతోంది. ఒక బెల్టు, ఒక టెన్షనర్, ఒక సీలు తగ్గుతాయి కదా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం ఈ పనికంతా ప్రాణం లాంటిది. "సరేరా, షాఫ్టు తీసేస్తావు. ఆ బుష్షులకి వెళ్లే ఆయిల్ ఎటు పోద్ది?"

జీవితంలో ఈ ఇంజిన్‌ని చూడని మనిషి, వేల మైళ్ల దూరం నుంచి, నేరుగా అక్కడికే వచ్చాడు. షాఫ్టు లేకపోతే బుష్షుల్లోని, అంటే బేరింగుల్లోని, ఆయిల్ రంధ్రాలు తెరుచుకుని ఆయిల్ చాంబర్‌లోకి ధారగా కారిపోతుంది, క్రాంక్ బేరింగులకి ప్రెషర్ ఉండదు, ఇంజిన్ పట్టేస్తుంది. అంబాసిడర్‌లోనూ లారీల్లోనూ బ్యాలెన్స్ షాఫ్టులు లేకపోయినా ఆయిల్ దారి గురించి ఆలోచించే అలవాటు ఆయనకి ఎప్పటినుంచో ఉంది. ఆ జవాబు కోసమే మిగతా పనంతా.

తీయాలా వద్దా, నా నిర్ణయం

ఒక విషయం గట్టిగా చెప్తాను. రోజూ ఆఫీసుకి వెళ్లే బండి అయితే, ఇంజిన్ కారులోనే ఉంటే, ఈ షాఫ్టులు తీయొద్దు. 60,000 మైళ్లకోసారి రెండు బెల్టులూ, వాటిని బిగువుగా పట్టే టెన్షనర్లూ, సీళ్లూ కలిపి మార్చండి, హాయిగా తిరుగుతుంది. హార్స్‌పవర్ పెరుగుతుందని తీసేవాళ్లున్నారు. షాఫ్టులు రెండింతల వేగంతో తిరుగుతాయి కాబట్టి తీస్తే ఇంజిన్ కాస్త చురుగ్గా వేగం అందుకోవడం నిజమే, కానీ నిలకడగా నడిచేటప్పుడు అవి తినేది బేరింగుల రాపిడి మాత్రమే. దాని కోసం ఇంత పని దండగ.

ఇంకా ఘోరమైన పద్ధతి ఒకటుంది. చిన్న బెల్టు మాత్రం కోసి తీసేసి, లోపల రెండు షాఫ్టులూ అలాగే వదిలేయడం. అప్పుడు వెనక షాఫ్టు ఆగిపోతుంది, ఆయిల్ పంపుకి బిగించిన ముందు షాఫ్టు ఒక్కటే తిరుగుతుంటుంది. నిలువు బలంలో సగమే రద్దవుతుంది, పైగా దాని అడ్డం బలాన్ని చంపడానికి జోడీ ఉండదు కాబట్టి అంతకుముందు అసలు లేని అడ్డం ఊపు కొత్తగా పుడుతుంది. ఒక్క కాలికే చెప్పు వేసుకుని పరుగెత్తినట్టు. తీస్తే రెండూ తీయాలి, లేకపోతే రెండూ ఉంచాలి.

నా ఇంజిన్ ఎలాగూ ముక్కలుగా ఉంది, బ్లాకు శుభ్రానికి వెళ్తుంది, బేరింగులు చేతికి అందుతాయి, బండి వారాంతాల్లో వేగంగా తిప్పడానికి. అందుకని తీసేస్తున్నా.

అక్టోబర్, షాఫ్టులు బయటికి

ముందుగా ఆయిల్ చాంబర్. గ్యాస్కెట్ కాకుండా సిలికాన్‌తో అతికించి ఉంటుంది, అంచు కింద స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే రేకు వంగుతుంది, మళ్లీ సరిగ్గా కూర్చోదు. పల్చటి పుట్టీ కత్తి లాంటి బ్లేడు పెట్టి చుట్టూ మెల్లగా కోసుకుంటూ వచ్చా. తర్వాత పికప్ ట్యూబు, ఆయిల్ ఫిల్టర్ హౌసింగు.

బ్లాకు పక్కన ఒక ప్లగ్గు ఉంది. అది తీసి 8 మిల్లీమీటర్ల మందమున్న స్క్రూడ్రైవర్ లోపలికి పెడితే ముందు షాఫ్టు తిరగకుండా ఆగుతుంది. అలా ఆపి ఆయిల్ పంపు స్ప్రాకెట్ (బెల్టు తిప్పే పళ్ల చక్రం) నట్టు వదులు చేసి, తర్వాత ముందు కేసు (ఆయిల్ పంపు ఉండే అల్యూమినియం కవరు) మీదున్న మూత విప్పి, లోపల పంపు గేరుని షాఫ్టుకి పట్టి ఉంచే బోల్టు విప్పాలి. ఆ మూత ముప్ఫై ఏళ్లుగా కదలలేదు. కాస్త వేడి, కాస్త నూనె, మళ్లీ వేడి, చివరికి లొంగింది.

ముందు కేసు బోల్టులు ఒక్కోటి ఒక్కో పొడవు. అట్టముక్క మీద కేసు బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ చోటుదో అక్కడే గుచ్చి పెట్టా. ఎవరు చేసినా ఇది తప్పకుండా చేయండి, పొడవు బోల్టు పొట్టి రంధ్రంలో బిగిస్తే అల్యూమినియం పగులుతుంది.

కేసు వచ్చాక షాఫ్టులు చేత్తోనే జారి వచ్చేశాయి. ముందు షాఫ్టు బేరింగ్ మీద మెరుపు బాగానే ఉంది. వెనక దానికి రెండు బేరింగుల దగ్గరా గీతలు, వేలిగోరు తగిలేంత లోతు. అంటే ఉంచుకోవాలనుకున్నా వీటిని అలాగే పెట్టే స్థితి లేదు.

ఇక్కడ ఒక తెలివైన సంగతి గమనించాను. చిన్న బెల్టు వెనక షాఫ్టుని క్రాంక్ తిరిగే దిశలోనే తిప్పుతుంది. ముందు షాఫ్టు ఎదురు తిరగాలి కదా, దానికి వేరే గేర్లు పెట్టలేదు. ఆయిల్ పంపు రెండు గేర్లలో ఒకదానికి స్ప్రాకెట్టు, రెండోదానికి షాఫ్టు. ఒకదానితో ఒకటి కలిసి తిరిగే గేర్లు ఎటూ ఎదురు దిశలోనే తిరుగుతాయి. ఆయిల్ తోడే గేర్లతోనే దిశ మార్చేశారు. దీన్ని గీసిన మనిషి ఎవరో గానీ మహానుభావుడు.

నవంబర్, బేరింగులు

ఈ పనిలో ప్రాణం అంతా ఇక్కడే.

బ్లాకులో ఈ షాఫ్టులవి మూడు బేరింగులు. వెనక షాఫ్టుకి రెండు, ముందు షాఫ్టుకి లోపలి చివర ఒకటి, దాని ముందు చివర ముందు కేసులో తిరుగుతుంది. ప్రతి బేరింగుకీ బ్లాకులోంచి ఒక ఆయిల్ రంధ్రం వస్తుంది, బేరింగులోనూ దానికి ఎదురుగా రంధ్రం ఉంటుంది. మూసే పద్ధతి సులువైనదే, బేరింగుని బయటికి లాగి, రంధ్రం పక్కకి వచ్చేలా తిప్పి మళ్లీ నొక్కడం. అప్పుడు బేరింగు గోడే బ్లాకు రంధ్రానికి మూత అవుతుంది.

నేను పాతవి తిప్పి వాడలేదు. పాత బేరింగు బయటికి లాగేటప్పుడు కొంచెమైనా వంగుతుంది, దాని పట్టు తగ్గుతుంది. కొత్తవి తెప్పించి, వాటినే రంధ్రం మూసుకునేలా నొక్కించాను. మెషిన్ షాపు పెద్దాయనకి ముందే రంధ్రం చోటు మార్కర్‌తో బ్లాకు బయట గీత గీసి చూపించా, ఎందుకంటే బేరింగు లోపలికి వెళ్లాక రంధ్రం ఎక్కడుందో ఏ కంటికీ కనపడదు. లోతు కూడా చూసుకోవాలి, మరీ లోపలికి పోతే రంధ్రం సగం బయటపడుతుంది.

రంధ్రాన్నే డ్రిల్ చేసి మర పెట్టి చిన్న స్క్రూతో మూసేవాళ్లూ ఉన్నారు. అదీ పనిచేస్తుంది, కానీ ఆ రంధ్రం చేసేటప్పుడు రాలే లోహపు పొడి ఆయిల్ దారిలోకి వెళ్తుందని నాకు టెన్షన్. పైగా ఏ రోజైనా ఎవరైనా షాఫ్టులు తిరిగి పెట్టాలనుకుంటే కొత్త బేరింగులు సరిగ్గా నొక్కితే చాలు, బ్లాకు పాడవలేదు. నాకు ఆ దారి తెరిచి ఉంచడం ముఖ్యం.

మెషిన్ షాపు నుంచి బ్లాకు వచ్చాక నా పరీక్ష నేను చేశా. తోటలో మందు కొట్టే చేతి పంపు కొత్తది కొని, దాంట్లో పల్చటి ఆయిల్ నింపి, బ్లాకు ప్రధాన ఆయిల్ దారికి పైపు కలిపి ప్రెషర్ ఎక్కించా. క్రాంక్ ఇంకా పెట్టలేదు కాబట్టి మెయిన్ బేరింగ్ రంధ్రాల దగ్గర రబ్బరు బిరడాలు పెట్టి ఆపా. లైటు వేసి మూడు బేరింగులూ చూశా. రెండు పొడిగా ఉన్నాయి, మూడోదాని దగ్గర సన్నగా చెమ్మ. చుక్కలు పడటం లేదు, చెమ్మ మాత్రమే. నడిచే ఇంజిన్‌లో ఆ కాస్త చెమ్మ లెక్కలోకి రాదు, వేల చుక్కలు క్రాంక్ బేరింగుల పక్కల నుంచే కారుతుంటాయి. బాబాయ్‌కి వీడియో పంపించా. "ఇప్పుడు బిగించుకో" అన్నాడు. నాకు అంతకంటే వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.

డిసెంబర్, ఆయిల్ పంపూ ముందు కేసూ

గ్యారేజీలో చలి, చిన్న హీటరు పెట్టుకుని పని.

ముందు షాఫ్టు తీసేస్తే పంపు గేరుకి ఆధారం పోతుంది. అందుకే షాఫ్టులు తీసేవాళ్ల కోసం అమ్మే కిట్‌లో ఒక పొట్టి ముక్క వస్తుంది, షాఫ్టులో ముందు కేసులో తిరిగే భాగం మాత్రం, గేరుని అదే మోస్తుంది. కొంతమంది పాత షాఫ్టునే కోసి వాడతారు, అలా చేస్తే దాని లోపలి ఆయిల్ రంధ్రాన్ని తప్పకుండా మూయాలి. నేను కొత్త ముక్కే తీసుకున్నా. వెనక షాఫ్టు సీలు ఉండే పెద్ద రంధ్రానికి లోహపు మూత, దాని అంచుకి సీలెంట్ రాసి నేరుగా దిగేలా సాకెట్ పెట్టి కొట్టా.

గేర్లు కేసులో పెట్టి పైన స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో కొలిచా. స్ప్రాకెట్ వైపు గేరుకి 0.08 నుంచి 0.14 మిల్లీమీటర్లు, రెండోదానికి 0.06 నుంచి 0.12 ఉండాలి. రెండూ లోపలే ఉన్నాయి, కేసు గోడకి గీతలు లేవు. గేర్ల మీద చుక్కల గుర్తులుంటాయి, అవి షాఫ్టు దశ సరిపోవడానికి, ఇప్పుడు వాటితో పనిలేకపోయినా అలవాటు కొద్దీ కలిపే పెట్టా. పొట్టి షాఫ్టు బోల్టు మెత్తటి దవడల వైస్‌లో పట్టి 36 న్యూటన్ మీటర్లకి బిగించా, మరకి లాక్‌టైట్ రాసి. అది వదులైతే ఆయిల్ పంపు ఆగినట్టే. పంపు లోపల వాసెలిన్ నింపా, మొదటి చుట్టులోనే ఆయిల్ పట్టుకుని లాగడానికి.

క్రాంక్ మీద చిన్న బెల్టు తిప్పే స్ప్రాకెట్టు మాత్రం తీయలేదు, తీయకూడదు. బెల్టు లేకపోయినా అది మందం నింపే ముక్కగా పనిచేస్తుంది, లేకపోతే పెద్ద స్ప్రాకెట్టు లోపలికి జరిగిపోయి బెల్టు వరస తప్పుతుంది.

జనవరి, టైమింగ్ బెల్టు

రింగులు, బేరింగులు, హెడ్డు అన్నీ బిగింపు అయ్యాయి. ఇప్పుడు ముందు భాగంలో బెల్టు ఒక్కటే. ఇంతకుముందు ఆ చిన్న టెన్షనర్ ఉన్న చోటు ఖాళీగా చూస్తుంటే మనసుకి హాయిగా ఉంది.

షాఫ్టులు ఉన్నప్పుడు చాలామందిని ఏడిపించే మెట్టు ఒకటుంది. ఆయిల్ పంపు స్ప్రాకెట్ మీద గుర్తు కలిసినంత మాత్రాన షాఫ్టు సరైన దశలో ఉన్నట్టు కాదు, గుర్తు కలిసినా షాఫ్టు తలకిందులుగా ఉండొచ్చు. అందుకే పక్క రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి చూడాలి, 60 మిల్లీమీటర్లు దిగితే సరైనది, 20, 25 దగ్గర ఆగిపోతే ఇంకో చుట్టు తిప్పాలి. ఇప్పుడు ఆ షాఫ్టే లేదు కాబట్టి పంపు స్ప్రాకెట్టు ఎలా ఉన్నా ఫర్వాలేదు. క్యామ్ గుర్తులు రెండూ ఒకదానికొకటి ఎదురుగా, పిన్నులు పైకి, క్రాంక్ గుర్తు చోట్లో. అంతే.

హైడ్రాలిక్ టెన్షనర్‌ని వైస్‌లో చాలా నెమ్మదిగా నొక్కి పిన్ను పెట్టాలి, గబగబా నొక్కితే లోపల సీలు పోతుంది. బెల్టు పెట్టి క్రాంక్‌ని ఆరు చుట్లు తిప్పి పావుగంట ఆగి టెన్షనర్ కడ్డీ ఎంత బయటికుందో కొలిచా, 3.8 నుంచి 4.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. 4.1 వచ్చింది. మళ్లీ తిప్పి మళ్లీ కొలిచినా అదే.

ఫిబ్రవరి, మొదటి స్టార్టు

క్యామ్ సెన్సార్ ప్లగ్గు పీకేసి, స్పార్కు రాకుండా స్టార్టర్ మీదే తిప్పా. ఆయిల్ ప్రెషర్ గేజి ముల్లు కదిలేదాకా ఊపిరి బిగబట్టి చూడటమే. కదిలింది, 40 పీఎస్ఐ దాటింది. అప్పుడు సెన్సార్ పెట్టి స్టార్టు. వెంటనే అందుకుంది. కాసేపు వాల్వుల సందు సర్దే లిఫ్టర్లు టకటకలాడి సర్దుకున్నాయి.

ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో 25 పీఎస్ఐ. కంపెనీ కనీసం 11.4 ఉంటే చాలంటుంది. బాబాయ్ అడిగిన ప్రశ్నకి జవాబు గేజి మీదే ఉంది, మూడు బేరింగులు తాగే ఆయిల్ ఇప్పుడు క్రాంక్‌కీ హెడ్డుకీ వెళ్తోంది.

కానీ చల్లగా ఉన్నప్పుడు సమస్య. 10డబ్ల్యూ30 ఆయిల్, గ్యారేజీ బయట మంచు, 3000 ఆర్‌పీఎం ఇస్తే ముల్లు 100 దాటుతోంది. పంపు పాత లెక్కకి తగ్గట్టు తోడుతోంది, తాగేవాళ్లు తగ్గారు. ఎక్కువ ప్రెషర్ మంచిదే కదా అనుకోకూడదు, లిఫ్టర్లు ఉబ్బి వాల్వులు పూర్తిగా మూసుకోవు, టర్బో సీళ్ల మీదా ఫిల్టర్ మీదా భారం. ఆయిల్ ఫిల్టర్ హౌసింగు తీసి, రిలీఫ్ వాల్వు తెరుచుకున్నాక ఆయిల్ బయటికెళ్లే దారిని చిన్న గ్రైండర్‌తో వెడల్పు చేశా. ఆ వాల్వులోని చిన్న పిస్టన్ కూర్చునే అంచు తాకలేదు, దాని తర్వాతి దారి మాత్రమే. బాగా కడిగి పెట్టాక అదే చలిలో 85 దగ్గర ఆగింది. వేడి ఐడిల్ మారలేదు. షాఫ్టులు తీసేవాళ్లు ఈ పని కూడా లెక్కలో వేసుకోండి, ఇది లేకుండా సగం పనే.

మార్చి, వణుకు ఎంత

ఇంజిన్ విప్పే ముందే, ఆగస్టులో, ఏడీఎక్స్ఎల్345 అనే చిన్న సెన్సార్‌ని ఆర్డుయినోకి కలిపి డ్రైవర్ సీటు పట్టా మీద అతికించి కొలతలు తీసి పెట్టుకున్నా. ఫోనులోని యాప్ చాలదు, చాలా ఫోన్లలో సెకనుకి 100 కొలతలే వస్తాయి, 1500 ఆర్‌పీఎం దాటితే మనకి కావలసిన ఊపు దానికి అందదు. ఈ సెన్సార్ 3200 దాకా తీస్తుంది. ఇప్పుడు అదే చోట అతికించి అవే వేగాల్లో మళ్లీ కొలిచా.

ఐడిల్‌లో పెద్ద తేడా కనపడలేదు. అక్కడ ఊపు ఎక్కువగా సిలిండర్లు పేలే దెబ్బల నుంచే వస్తుంది, అవీ చుట్టుకి రెండే కాబట్టి రెండూ ఒకే చోట కలిసి కనిపిస్తాయి. పైగా ఆగస్టులో ఒక సిలిండర్ నీరసంగా ఉంది, అందుకే ఐడిల్ పోలికకి నేను విలువ ఇవ్వను. 2500 దాకా కూడా మామూలే. 3500 నుంచి 4200 మధ్య మాత్రం సీటు పట్టా మీద ఊపు ముందుకంటే రెండింతలు దాటింది. గేర్ రాడ్‌లో జుమ్మని తెలుస్తుంది, వెనక చూసే అద్దంలో లైట్లు మసకబారతాయి. 5000 దాటాక ఇంజిన్ మీద బలం ఇంకా ఎక్కువే అయినా, బాడీలోకి రావడం తగ్గింది, మౌంటింగుల రబ్బరు ఆ వేగాల్లో బాగా మింగేస్తోంది.

హైవే మీద 70 మైళ్ల వేగంలో ఐదో గేర్‌లో ఇంజిన్ 3000 పైచిలుకు తిరుగుతుంది, అంటే ఆ చెడ్డ భాగానికి కాస్త కింద. నాకు భరించగలిగేలా ఉంది. మా ఆవిడ ఒకసారి కూర్చుని, "చికాగో దాకా అయితే నేను నా కారులోనే వస్తాను" అంది. ఆ మాట సరైనదే. ఇది దూరప్రయాణాల బండి కాదిప్పుడు.

గట్టి పాలీయురేథేన్ మౌంటింగులు వేద్దామనుకున్న ఆలోచన మానేశా. షాఫ్టులు లేని ఇంజిన్‌కి మెత్తటి రబ్బరే రక్ష. పాతవి నాలుగూ తీసి కంపెనీ రబ్బరువే కొత్తవి వేశా, ఆ ఒక్క మార్పుతోనే 3500 దగ్గర ఊపు కళ్లకి కనపడేంత తగ్గింది. ఎగ్జాస్టు పైపు వేలాడదీసే రబ్బర్లు కూడా మార్చా. వణుకు పెరిగితే బోల్టులు వదులవుతాయి కాబట్టి టర్బో నట్లు, ఆల్టర్నేటర్ బ్రాకెట్టు, ఎగ్జాస్టు మానిఫోల్డు అన్నీ మళ్లీ పానా పెట్టి చూశా. ఆల్టర్నేటర్ బోల్టు ఒకటి నిజంగానే పావు చుట్టు తీసుకుంది.

మొదటి 500 మైళ్ల ఆయిల్ దించా. ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూశా, అయస్కాంతానికి అంటే పొడి కొంచెం, కొత్త రింగులకి అది మామూలే, బేరింగు రంగు మెరుపు ఎక్కడా లేదు. టైమింగ్ కవరు పైభాగం తీసి చూస్తే లోపల పొడిగా ఉంది.

షాఫ్టులు రెండూ, వెనకదాని స్ప్రాకెట్టూ, టెన్షనరూ ఆయిల్ రాసి చుట్టి పెట్టా. ముందు షాఫ్టు మంచి స్థితిలో ఉంది, ఎవరైనా తమ 4జీ63ని షాఫ్టులతోనే తిరిగి కట్టుకుంటుంటే పోస్టేజీ ఖర్చు ఇస్తే చాలు, పంపిస్తాను. వెనకది గీతలు పడింది, దాన్ని అడగొద్దు. వచ్చే నెల క్లచ్ పని.